ఎలక్ట్రిక్ కారు: కొనే ముందు, కొన్నాక అందరూ అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ కారు (ఈవీ) గురించి ఎవరు ఫోన్ చేసినా తిరిగి తిరిగి ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. లెక్కలన్నీ మన రెండు రాష్ట్రాల్లో ఒక మామూలు కుటుంబం వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ కారు మీకు సరిపోతుందా లేదా అన్నది బ్యాటరీ సైజు కన్నా, రాత్రి బండి ఎక్కడ పెడతారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

## అసలు ఎలా నడుస్తుంది?

ఇంజిన్ లేకుండా కారు ఎలా కదులుతుంది?

కారు అడుగున, సీట్ల కింద పరిచినట్టు పెద్ద లిథియం బ్యాటరీ ఉంటుంది. అందులోంచి వచ్చేది డీసీ కరెంటు (ఒకే దిశలో పారేది), మోటారుకు కావాల్సింది ఏసీ కరెంటు (దిశ మారుతూ ఉండేది). మధ్యలో ఇన్వర్టర్ ఆ మార్పు చేస్తుంది. మీరు యాక్సిలరేటర్ ఎంత నొక్కారో చూసి మోటారుకు ఎంత కరెంటు పంపాలో తేల్చేది కూడా అదే. మోటారులోని రాగి తీగచుట్టల్లో తిరుగుతూ ఉండే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, దాని వెంటే రోటార్ (మోటారు మధ్యలో తిరిగే భాగం) తిరుగుతుంది. ఒకే ఒక్క గేరు ద్వారా ఆ బలం చక్రాలకు చేరుతుంది. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, సైలెన్సర్ లేదు.

పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనంలోని శక్తిలో 20 నుంచి 30 శాతమే చక్రాల దాకా వస్తుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ నుంచి బయల్దేరిన శక్తిలో 80 శాతం పైనే చక్రాలకు అందుతుంది. ఖర్చు తగ్గడానికి అసలు కారణం ఇదే.

బ్రేక్ వేస్తే చార్జింగ్ ఎక్కుతుందంటారు, నిజమేనా?

నిజమే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారు జనరేటర్‌లా పనిచేస్తుంది. బండి వేగం తగ్గుతూ ఉంటే ఆ శక్తి కరెంటుగా మారి బ్యాటరీలోకి వెళుతుంది. దీన్ని రీజెన్ అంటారు. సిటీ ట్రాఫిక్‌లో ఆగుతూ, కదులుతూ ఉండే చోట దీని లాభం బాగా కనిపిస్తుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే పెద్దగా ఉండదు. అందుకే పెట్రోల్ బండికి భిన్నంగా ఈ కారు హైవేలో కన్నా సిటీలో ఎక్కువ మైలేజీ ఇస్తుంది.

కిలోవాట్, కిలోవాట్ అవర్ రెండూ ఒకటేనా?

కాదు. కిలోవాట్ అవర్ అంటే మీ కరెంటు బిల్లులో ఉండే యూనిట్. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే నిండడానికి సుమారు 45 యూనిట్లు పడుతుందని అర్థం. కిలోవాట్ అనేది వేగం లెక్క: ఎంత జోరుగా కరెంటు ఎక్కుతోంది, మోటారు ఎంత జోరుగా వాడుకుంటోంది అన్నది చెబుతుంది. 7 కిలోవాట్ల చార్జర్ గంటకు దాదాపు 7 యూనిట్లు ఎక్కిస్తుంది.

ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ అంటున్నారు. ఏది మంచిది?

రెండూ లిథియం అయాన్ బ్యాటరీలే. ఎల్‌ఎఫ్‌పీలో ఐరన్, ఫాస్ఫేట్ వాడతారు. ఎన్‌ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉంటాయి. ఎన్‌ఎంసీ తక్కువ బరువులో ఎక్కువ కరెంటు పట్టుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ కాస్త బరువు, కానీ వేడికి బాగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జ్ చేసినా త్వరగా అరిగిపోదు. మన ఎండలకు నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే. టాటా నెక్సాన్ ఈవీ, మహీంద్రా బీఈ 6 లాంటి కార్లలో ఉన్నది ఇదే రకం.

చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుందట, ఎందుకు?

లైట్లు, లాక్‌లు, స్క్రీన్, కంప్యూటర్లు నడిచేది దాని మీదే. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్ పడాలన్నా ఇదే కరెంటివ్వాలి. పెద్ద బ్యాటరీ 90 శాతం ఉన్నా ఈ చిన్నది డౌన్ అయితే కారు లేవదు. ఊరెళ్లి చాలా రోజులు బండి కదపకుండా వదిలేసినప్పుడు ఈ సమస్య వస్తుంది. మామూలు కార్లకు పెట్టినట్టే జంపర్ కేబుల్ పెట్టి లేపొచ్చు, పద్ధతి కారు మాన్యువల్‌లో ఉంటుంది.

కొత్త టెక్నాలజీ కదా, ఇంకొన్నేళ్లు ఆగడం మంచిదేమో?

ఎలక్ట్రిక్ కార్లు 1900 నాటికే అమెరికా నగరాల్లో తిరిగాయి. మన దేశంలో బెంగళూరు నుంచి రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు వచ్చింది 2001లో. నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చింది. మోటారు పాతదే, మారుతున్నదల్లా బ్యాటరీ. 2010లో యూనిట్‌కు వెయ్యి డాలర్ల పైన ఉన్న బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. ఇంకా తగ్గొచ్చు. కానీ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఆగిన ప్రతి ఏడాదీ పెట్రోల్‌కు డబ్బు పోస్తూనే ఉంటారు. ఉన్న కారు బాగుంటే ఆగండి. ఎలాగూ కొత్తది కొనాల్సి వస్తే మాత్రం టెక్నాలజీ పేరు చెప్పి ఆగక్కర్లేదు.

## కొనాలా, వద్దా?

నాకు సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీ కారు నిలిపే చోట మీకంటూ ఒక ప్లగ్ పాయింట్ ఉందా? లేకపోతే పెట్టించుకునే వీలుందా? ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. నెలకు 800 కిలోమీటర్ల పైన తిరుగుతూ, దూర ప్రయాణాలు ఏడాదికి కొన్నే అయితే ధైర్యంగా తీసుకోవచ్చు.

వీధిలో బండి పెట్టేవాళ్లకు, పార్కింగ్‌లో పాయింట్ దొరకని అద్దె ఇళ్లవాళ్లకు నేను వద్దనే చెబుతాను. వారానికి రెండుసార్లు బయట చార్జర్ దగ్గర కూర్చోవడం మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత విసుగొస్తుంది. మెడికల్ రెప్‌లు, సైట్లు తిరిగే కాంట్రాక్టర్ల లాగా రోజుకు 300 కిలోమీటర్లు, అదీ జిల్లా రోడ్ల మీద తిరిగేవాళ్లకు కూడా ఇప్పట్లో టెన్షనే.

పెట్రోల్ కారుతో పోలిస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారుకు సుమారు 67 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయలైతే 7,200 దాటుతుంది. అదే సైజు ఎలక్ట్రిక్ కారుకు, చార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలుపుకుని 165 యూనిట్లు పడుతుంది. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 1,500. అంటే నెలకు 5,700 మిగులు.

ఇప్పుడు కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన డబ్బు చూడాలి. తేడా 3 లక్షలైతే నాలుగున్నరేళ్ల లోపు వెనక్కి వస్తుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే అది తొమ్మిదేళ్లకు చేరుతుంది, అప్పుడు డబ్బు కోసం కొనడంలో అర్థం లేదు. పూర్తిగా బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే యూనిట్ 20 రూపాయలు దాటడం మామూలే కాబట్టి మిగులు మూడో వంతు, అంతకన్నా ఎక్కువే తగ్గిపోతుంది. షోరూంలో చూపించే ‘కిలోమీటరుకు రూపాయి’ లెక్కలో ఈ తేడాలేవీ ఉండవు, మీ బిల్లులతో మీరే వేసుకోండి.

కంపెనీ చెప్పే రేంజ్ ఎందుకు రాదు?

ఆ అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద, నిర్ణయించిన తక్కువ సగటు వేగంతో నడిపి తేల్చినది. మన రోడ్డు మీద ఏసీ ఉంటుంది, నలుగురు మనుషులు, సామాన్లు, గాలి, ఫ్లైఓవర్లు ఉంటాయి. చెప్పినదాంట్లో 65 నుంచి 75 శాతం వస్తుందని వేసుకోండి. అన్నిటికన్నా ఎక్కువ తినేది వేగం. గాలి అడ్డుపడే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 80 మీద పోయేవాళ్లకూ, 110 మీద పోయేవాళ్లకూ ఒకే కారులో పదుల కిలోమీటర్ల తేడా వస్తుంది.

ఎంత బ్యాటరీ ఉన్న కారు తీసుకోవాలి?

సిటీలో ఆఫీసు, స్కూలు, కూరగాయలు, ఇంట్లో ఇంకో కారు కూడా ఉందంటే 20 యూనిట్ల చుట్టుపక్కల ఉన్న ఎంజీ కామెట్, టియాగో ఈవీ లాంటివి చాలు. ఇదొక్కటే కారు, అప్పుడప్పుడూ ఊరికి వెళ్లాలంటే 40 నుంచి 50 యూనిట్లు ఉండాలి. 60 పైన అవసరమైనవాళ్లు తక్కువ. పెద్ద బ్యాటరీ అంటే ఎక్కువ బరువు, ఎక్కువ ధర, రోజూ వాడకుండా మోసుకు తిరిగే డబ్బు.

సబ్సిడీ ఎంత వస్తుంది?

సొంతానికి కొనే కారుకు కేంద్రం నుంచి నేరుగా వచ్చే సబ్సిడీ లేదు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ప్రైవేటు కార్లు లేవు. ఉన్న లాభం జీఎస్టీ 5 శాతమే కావడం. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో పాలసీ మారినప్పుడల్లా నిబంధనలు మారుతూ వచ్చాయి, అందుకని డీలర్ మాట మీద ఉండిపోకుండా రవాణా శాఖ ఆఫీసులో ఆరోజు లెక్క అడగండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఎలక్ట్రిక్ వాహనాలకు 15 శాతం తగ్గింపు ఇచ్చారు.

లోన్ వడ్డీ మీద లక్షన్నర ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఉందని ఇప్పటికీ చెబుతున్నారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

బ్యాటరీ అద్దెకిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

కారు ధర తగ్గించి, బ్యాటరీకి కిలోమీటరు లెక్కన నెలనెలా కట్టించుకునే పద్ధతి ఇది. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆ అద్దె కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. దానికి కరెంటు ఖర్చు రూపాయిన్నర కలిపితే 5 రూపాయలు. పెట్రోల్ కన్నా తక్కువే కానీ, ఎలక్ట్రిక్ కారులో మిగలాల్సిన డబ్బులో చాలా భాగం అద్దెకే పోతుంది. తిరిగినా తిరగకపోయినా నెలకు ఇన్ని కిలోమీటర్లకు కట్టాలనే షరతు ఉందేమో కాగితం చదివి చూడండి. చేతిలో డబ్బు ఉంటే, లోన్ వచ్చే అవకాశం ఉంటే బ్యాటరీతో సహా కొనడమే నయం.

దీనికన్నా హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు మోటారు, చిన్న బ్యాటరీ ఉండే కారు) మేలేమో?

ఇంట్లో ప్లగ్ పెట్టుకునే దారి లేనివాళ్లకు, నెలలో సగం రోజులు హైవే మీదే ఉండేవాళ్లకు అవును, స్ట్రాంగ్ హైబ్రిడ్ మేలు. సిటీలో లీటరుకు 20 పైన ఇస్తుంది, చార్జర్ వెతుక్కునే పని ఉండదు. అయితే ఇంజిన్ ఉంటుంది కాబట్టి ఆయిల్, సర్వీసింగ్, పొగ అన్నీ ఉంటాయి.

## ఇంటి దగ్గర చార్జింగ్

మామూలు ప్లగ్గులో పెట్టి చార్జ్ చేయొచ్చా?

ఏసీకి, గీజర్‌కి వాడే 15 ఆంప్స్ పాయింట్‌లో చేయొచ్చు. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్ దానికోసమే. గంటకు 2 నుంచి 3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి 10కి పెడితే పొద్దున 6కి సుమారు 20 యూనిట్లు, అంటే దాదాపు 130 కిలోమీటర్లు. ఎక్కువమందికి ఇది చాలు.

కానీ ఆ పాయింట్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) ఉండాలి. గీజరు పది నిమిషాలు నడిచి ఆగుతుంది, కారు ఎనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. పాత సాకెట్, వదులుగా ఉన్న స్క్రూ ఉంటే అక్కడే కరుగుతుంది. మొదటి వారం గంట చార్జింగ్ తర్వాత ప్లగ్ టాప్‌ను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి సాకెట్ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎప్పుడూ వాడొద్దు.

ప్లగ్ పెడితే ఎర్ర లైటు వచ్చి ఆగిపోతోంది. కారు పాడైందా?

పదింట తొమ్మిదిసార్లు కారు బాగానే ఉంటుంది, ఇంటి ఎర్తింగ్ బాగుండదు. చార్జర్ కరెంటు వదిలే ముందు ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే పని మొదలుపెట్టదు. మన ఇళ్లలో చాలాచోట్ల మూడో పిన్‌కు వైరు ఉంటుంది కానీ ఆ వైరు చివర భూమిలో ఏమీ ఉండదు, ఉన్నా ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, తర్వాత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించమనండి. మొదటిది 230 దగ్గర, రెండోది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. రెండోది పది, ఇరవై చూపిస్తే ఎర్తింగ్ కొత్తగా వేయించాల్సిందే. రాగి రాడ్ లేదా జీఐ పైపు దింపి చుట్టూ ఎర్తింగ్ పౌడర్ పోసి, అక్కడి నుంచి నేరుగా చార్జింగ్ పాయింట్‌కు వైరు లాగిస్తే సరిపోతుంది. ఎండాకాలంలో ఆ గుంటలో అప్పుడప్పుడూ నీళ్లు పోయండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు పని తొందరగా తేల్చడానికి సాకెట్ లోపలే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. లైటు పచ్చగా మారుతుంది, చార్జింగ్ అవుతుంది, మీరు సంతోషిస్తారు. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. పిల్లలు చెయ్యి వేసే బండి అది. సాకెట్ విప్పి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

7 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జర్) అవసరమా?

రోజుకు 100 కిలోమీటర్ల లోపు తిరిగితే అవసరం లేదు. 50 యూనిట్ల పైన బ్యాటరీ ఉన్నా, రాత్రి ఆలస్యంగా వచ్చి పొద్దున్నే మళ్లీ దూరం వెళ్లాల్సి వచ్చినా పనికొస్తుంది. అది 32 ఆంప్స్ లాగుతుంది కాబట్టి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 40 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడ్ 3 కిలోవాట్లే అయితే ముందు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర లోడ్ పెంచుకోండి.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 160 నుంచి 170 యూనిట్లు అదనం. ఇవి మీ మామూలు వాడకం మీద చేరతాయి కాబట్టి పై స్లాబు రేటు పడుతుంది. వేసవిలో ఇంట్లో ఏసీలు కూడా నడుస్తుంటే ఆ యూనిట్లకు 9 రూపాయల పైనే కట్టాల్సి రావొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఈవీ చార్జింగ్‌కు విడిగా టారిఫ్ కేటగిరీ ఉంది. అందులో వేరే మీటరు తీసుకుంటే స్లాబుల గొడవ ఉండదు. ఎక్కువ తిరిగేవాళ్లు, ఇంటికి రెండు ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నవాళ్లు దాని గురించి ఆలోచించాలి.

మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోవట్లేదు, ఏం చేయాలి?

అభ్యంతరాలు సాధారణంగా రెండే: మా కరెంటు వాడేస్తారు, మంటలు వస్తాయి. మొదటిదానికి జవాబు మీ ఫ్లాట్ మీటరు నుంచే పార్కింగ్‌కు వైరు లాక్కోవడం. సెల్లార్‌లో మీటర్ బోర్డు ఉంటే ఇది సులువు. కామన్ మీటరు జోలికి వెళ్లొద్దు, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. రెండోదానికి వైరు సైజు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ వివరాలు ఒక కాగితం మీద రాసి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ సంతకంతో కమిటీకి ఇవ్వండి. ఇల్లు, ఆఫీసుల్లో సొంత బండికి చార్జింగ్ పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టంగానే చెప్పింది. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం చార్జింగ్‌కు వీలుగా ఉండాలని 2019లో మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో చేర్చారు.

అయినా నా సలహా, కారు బుక్ చేసే ముందే కమిటీతో మాట్లాడండి. బండి వచ్చాక అడిగితే బెట్టు పెరుగుతుంది.

సోలార్ పెట్టుకుంటే కారు ఫ్రీగా నడుస్తుందా?

3 కిలోవాట్ల రూఫ్‌టాప్ సోలార్ మన ఎండలకు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు అందులో సగం చాలు. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెట్ మీటరింగ్ ఉంటే పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి కారుకు తీసుకోవచ్చు. సొంత ఇల్లు, ఖాళీ డాబా ఉన్నవాళ్లకు ఈ జోడీని మించింది లేదు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద చార్జ్ చేయొచ్చా?

కుదరదు. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేదే ఒకటిన్నర యూనిట్. కరెంటు పోతే చార్జింగ్ ఆగుతుంది, రాగానే చాలా కార్లలో తనంతట తానే మళ్లీ మొదలవుతుంది.

## రోజువారీ వాడకం

ఏసీ వేస్తే చార్జింగ్ తొందరగా అయిపోతుందా?

ఏసీ కిలోమీటర్ల లెక్కన కాదు, గంటల లెక్కన తింటుంది. క్యాబిన్ చల్లబడ్డాక గంటకు ఒక యూనిట్ అటూ ఇటూ. హైవేలో గంటకు 80 కిలోమీటర్లు పోతే మోటారు 12 యూనిట్లు వాడుతుంది, అందులో ఏసీ వాటా కనపడదు. అదే అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్లే కదిలితే మోటారుకు మూడు యూనిట్లు, ఏసీకి ఒకటి. అప్పుడు తేడా తెలుస్తుంది. అంతమాత్రాన ఎండలో ఏసీ ఆపుకుని చెమటలు కక్కాల్సిన పనిలేదు. బండి ప్లగ్గులో ఉండగానే ఫోన్ యాప్ నుంచి ఏసీ వేసి చల్లబరుచుకుని బయల్దేరండి.

రోజూ 100 శాతం చార్జ్ చేయాలా?

ఎన్‌ఎంసీ బ్యాటరీ అయితే రోజువారీ 80 శాతం దగ్గర ఆపి, ప్రయాణం ముందు మాత్రమే నింపండి. ఎల్‌ఎఫ్‌పీ అయితే అప్పుడప్పుడూ, వారానికోసారి అయినా 100 దాకా వెళ్లనివ్వడం మంచిది. మిగిలిన చార్జ్ ఎంతో కంప్యూటర్ సరిగ్గా అంచనా వేయడానికి అది అవసరం. ఏ రకమైనా 10 శాతం కిందకు తరచూ తీసుకెళ్లొద్దు.

రామగుండం లాంటి చోట 45 డిగ్రీల ఎండ. బ్యాటరీ తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది, కానీ ఇష్టపడదు. బ్యాటరీ చుట్టూ కూలెంట్ తిరిగే లిక్విడ్ కూలింగ్ ఉన్న కారునే తీసుకోండి, మన ప్రాంతంలో ఈ విషయంలో రాజీ పడకూడదు. నిండా చార్జ్ చేసిన బండిని రోజుల తరబడి ఎండలో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. నీడలో పెట్టండి, ఊరెళ్తుంటే 50, 60 శాతం దగ్గర ఉంచి వెళ్లండి.

వానలో, వరద నీళ్లలో షాక్ కొడుతుందా?

వానలో నడపడం, చార్జ్ చేయడం రెండూ మామూలే. చార్జింగ్ గన్ (కారుకు తగిలించే ప్లగ్) సరిగ్గా కూర్చుని, కారూ చార్జరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాకే కరెంటు వస్తుంది. ఐపీ67 రేటింగ్ ఉన్న బ్యాటరీ మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదు. కరెంటు ఎక్కడైనా బాడీకి లీకైతే కారు తనే పెద్ద బ్యాటరీని విడగొట్టేస్తుంది.

కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పటిలా బండి రోజుల తరబడి నీళ్లలో ఉంటే ఆ రేటింగ్ కాపాడదు. నీళ్లు తగ్గాక ఆన్ చేసి చూడటం, చార్జింగ్ పెట్టడం అస్సలు వద్దు. ఇన్సూరెన్స్‌కు, సర్వీస్ సెంటర్‌కు చెప్పి ఫ్లాట్‌బెడ్ మీద తరలించండి. అప్పటిదాకా ఇంటి గోడకు, ఇతర బండ్లకు దూరంగా ఆరుబయట ఉంచండి. పాలసీ తీసుకునేటప్పుడే బ్యాటరీలోకి నీళ్లు వెళితే కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడగండి.

సర్వీసింగ్ ఖర్చు నిజంగా తక్కువేనా?

తక్కువే. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ప్లేట్లు, బెల్టులు లేవు. ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఉంటాయి. రీజెన్ వల్ల బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి, బండి బరువు, మొదటి నుంచే వచ్చే టార్క్ (చక్రాలను తిప్పే బలం) కారణం. బాధంతా సాఫ్ట్‌వేర్ ఇబ్బందులు వచ్చినప్పుడే. వీధి చివర మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు, మీ ఊరికి ఈవీ శిక్షణ పొందిన సర్వీస్ సెంటర్ ఎంత దూరమో కొనే ముందే చూసుకోండి.

## దూర ప్రయాణాలు

హైదరాబాద్ నుంచి విజయవాడ ఆగకుండా వెళ్లగలమా?

దాదాపు 275 కిలోమీటర్లు. 90 మీద పోతే 43 యూనిట్ల దాకా పడుతుంది. 45 యూనిట్ల కారులో ఆగకుండా వెళ్లాలనుకోవడం అనవసరపు సాహసం. నిండా చార్జ్ చేసి బయల్దేరి, సగం దారిలో సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఆగి, 50 కిలోవాట్ల చార్జర్ మీద అరగంట పెడితే హాయిగా చేరతారు. 60 యూనిట్ల పైన ఉన్నవాళ్లు నేరుగా వెళ్లొచ్చు.

సంక్రాంతికి మాత్రం ప్లాన్ మార్చుకోండి. పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటల తరబడి ఆగినా బ్యాటరీకి ఏమీ కాదు, ఏసీ తప్ప ఏదీ నడవదు. అసలు ఇబ్బంది చార్జర్ల దగ్గర క్యూ. అర్ధరాత్రో, పండక్కి రెండు రోజుల ముందో బయల్దేరడం నయం. ఎప్పుడు వెళ్లినా ఒక చార్జర్ పనిచేయకపోతే ఇంకోదానికి చేరేంత, అంటే 20 శాతం మిగిలేలా ఆగండి. రెండు మూడు కంపెనీల యాప్‌లు ముందే పెట్టుకుని, వాలెట్‌లో డబ్బు వేసుకుని బయల్దేరండి. సిగ్నల్ లేని చోట యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం నరకం.

80 శాతం దాటాక ఫాస్ట్ చార్జింగ్ ఎందుకు నెమ్మదిస్తుంది?

లిథియం సెల్ నిండే కొద్దీ కరెంటు తగ్గించకపోతే లోపల దెబ్బతింటుంది. అందుకే బ్యాటరీని కాపాడే కంప్యూటర్ జోరు తగ్గిస్తుంది. 10 నుంచి 80కి పట్టినంత సేపు చివరి 20 శాతానికే పట్టొచ్చు. వెనక ఎవరైనా ఎదురుచూస్తుంటే 80 దగ్గర తీసేయండి. అది మర్యాద కూడా.

తిరుమల కొండ ఎక్కుతుందా?

పెట్రోల్ కారు కన్నా సులువుగా. నలుగురితో కలిపి కారు 1,900 కిలోలు, ఎత్తు తేడా సుమారు 800 మీటర్లు అనుకోండి. ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే 4 యూనిట్ల పైన కావాలి. మామూలు రోడ్డు ఖర్చు కూడా కలిపితే పైకి చేరేసరికి 6, 7 యూనిట్లు ఖర్చవుతాయి. 45 యూనిట్ల బ్యాటరీలో అది 15 శాతం. దిగేటప్పుడు రీజెన్ వల్ల ఒకటి రెండు యూనిట్లు తిరిగొస్తాయి, అలిపిరి చేరేసరికి పైన చూసిన దానికన్నా శాతం ఎక్కువ ఉంటుంది.

ఒక జాగ్రత్త: పైన 100 శాతం నింపుకుని దిగొద్దు. బ్యాటరీలో ఖాళీ లేకపోతే రీజెన్ పనిచేయదు, మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. ఘాట్‌లో అది మంచిది కాదు.

మధ్య దారిలో చార్జింగ్ అయిపోతే?

హఠాత్తుగా ఆగదు. ముందే హెచ్చరించి, తర్వాత వేగం తగ్గించి నడుస్తుంది. అయినా ఆగిపోతే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి ఫ్లాట్‌బెడ్ అడగండి. మోటారుకు కలిసిన చక్రాలు నేల మీద తిరిగేలా తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు కాలిపోవచ్చు.

## భద్రత, బ్యాటరీ వయసు, పర్యావరణం

బ్యాటరీలు పేలుతున్నాయి కదా, భయం లేదా?

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో స్కూటర్ బ్యాటరీలు ఇంట్లో చార్జింగ్‌లో ఉండగా పేలి ప్రాణాలు పోయాయి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో అమలుచేసింది. స్కూటర్ నుంచి తీసి పడగ్గదిలో చార్జ్ చేసే బ్యాటరీ వేరు, లిక్విడ్ కూలింగ్‌తో, ప్రతి సెల్ వోల్టేజీనీ గమనించే కంప్యూటర్‌తో కారు అడుగున బిగించిన ప్యాక్ వేరు. ప్రమాదం సున్నా కాదు. లిథియం మంట అంటుకుంటే ఆర్పడం కష్టం, ఆరినట్టు కనిపించి మళ్లీ అంటుకుంటుంది. కారు అడుగున గట్టి దెబ్బ తగిలితే, బ్యాటరీ హెచ్చరిక వస్తే, కాలిన వాసన వస్తే బండి దిగి దూరంగా వెళ్లి ఫైర్ స్టేషన్‌కు చెప్పండి.

ఎనిమిదేళ్లకు బ్యాటరీ పోతుందా? మారిస్తే లక్షలు కదా?

పోదు, సామర్థ్యం తగ్గుతుంది. ఎక్కువ కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, కొన్ని మొదటి యజమానికి ‘లైఫ్‌టైమ్’ అంటున్నాయి. 300 కిలోమీటర్లు ఇచ్చే కారు కొన్నేళ్లకు 250 ఇస్తుంది, సిటీ వాడకానికి అది ఇంకా సరిపోతుంది. మొత్తం ప్యాక్ మార్చాల్సి వస్తే ఇప్పటికీ లక్షల్లోనే. అయితే చాలాసార్లు చెడేది ఒక మాడ్యూల్ (ప్యాక్‌లో కొన్ని సెల్స్ కలిసిన భాగం) మాత్రమే, అది ఒక్కటీ మార్చే వీలుందేమో అడగండి.

సెకండ్ హ్యాండ్ ఈవీ కొనొచ్చా?

ధర బాగా పడిపోతుంది కాబట్టి కొనేవాళ్లకు మంచి బేరాలు ఉన్నాయి. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించకుండా డబ్బు ఇవ్వొద్దు. వారంటీ రెండో యజమానికి ఎంతవరకు వర్తిస్తుందో చూడండి, లైఫ్‌టైమ్ అన్నది తరచూ మీ పేరు మీదకు రాగానే తగ్గిపోతుంది. అమ్మేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ కార్ల పెద్ద లోపం కూడా ఇదే.

కరెంటు వచ్చేది బొగ్గు నుంచే కదా, ఇంక లాభమేంటి?

న్యాయమైన ప్రశ్న. దేశంలో 70 శాతం పైగా కరెంటు బొగ్గుదే. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 100 కిలోమీటర్లకు 16 యూనిట్లు వేసుకుంటే 11, 12 కిలోలు. పెట్రోల్ కారు అదే దూరానికి 6.7 లీటర్లు కాల్చి 15 కిలోల పైన వదులుతుంది, రిఫైనరీ లెక్క వేరే. కాబట్టి నడిపేటప్పుడు తక్కువే, కానీ ప్రచారంలో చెప్పినంత తక్కువ కాదు. బ్యాటరీ తయారీలో కొన్ని టన్నులు ముందే వెలువడి ఉంటాయి, అవి తీరడానికి పదుల వేల కిలోమీటర్లు నడపాలి.

అయినా నేను దీని వైపే ఉంటాను. పెట్రోల్ కారు పదేళ్ల తర్వాతా ఇంతే పొగ వదులుతుంది. గ్రిడ్‌లో సోలార్, గాలి కరెంటు పెరిగే కొద్దీ ఇదే ఎలక్ట్రిక్ కారు ఏటేటా శుభ్రపడుతుంది. స్కూలు గేటు ముందు, సిగ్నల్ దగ్గర పిల్లలు పీల్చే పొగ అయితే ఈరోజు నుంచే ఉండదు.

పాత బ్యాటరీలు ఎక్కడికి పోతాయి?

కారుకు పనికిరాని బ్యాటరీలో ఇంకా 70 శాతం దాకా సత్తువ ఉంటుంది. దాన్ని సోలార్ కరెంటు నిల్వకు, టెలికాం టవర్లకు బ్యాకప్‌గా వాడొచ్చు. ఆ తర్వాత పొడి చేసి లిథియం, నికెల్, కోబాల్ట్, రాగి తిరిగి తీస్తారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదీ, దిగుమతిదారులదీ. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్ ఫ్యాక్టరీ పెడుతోంది. సెల్స్ ఇక్కడే తయారైతే పాతవాటిలోని లోహాలకు గిరాకీ కూడా ఇక్కడే పుడుతుంది. మీ వంతుగా చేయాల్సింది ఒక్కటే: పాత ప్యాక్‌ను తుక్కు కొట్టుకు అమ్మకుండా కంపెనీకే అప్పగించి రసీదు తీసుకోండి.